కవులు కల్పించిన యంత్రములు

ఉన్నదానిని వర్ణించుట ఒక విద్య. లేనిదానిని కల్పించి, ఉన్నట్లే నమ్మించుట మరియొక విద్య. రాజులను, వనములను, ఋతువులను వర్ణించిన కవులను గూర్చి మన విమర్శకులు గ్రంథములకు గ్రంథములే వ్రాసినారు. కాని లోకమున ఇంకను పుట్టని యంత్రము నొకదానిని ఊహించి, దానికొక పేరు పెట్టి, దానిచుట్టు కథ నల్లిన రచయితలను గూర్చి తెలుగున జరిగిన విచారణ స్వల్పము. అట్టి రచనలను పిల్లల వినోదముగానో, సినిమావారి గారడీగానో ఎంచి పెద్దలు ప్రక్కకు నెట్టుచున్నారు. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. కల్పిత యంత్రములలో మిక్కిలి చక్కనివి కొన్ని ఈ చెన్నపురిలోనే, అందును తెలుగువారి పూనికతోనే, వెలుగు చూచినవి. వానిని ముందుంచుకొని, ఇట్టి కల్పనలను ఏ కొలతతో కొలువవలెనో విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సాధారణముగ జనులు వాడు కొలత ఒక్కటే: రచయిత చెప్పినది తరువాత నిజమైనదా, లేదా? ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లో చంద్రలోకయాత్రను గూర్చి నవల వ్రాసి, అందలి యాత్రికులను అమెరికాలోని ఫ్లోరిడానుండి బయలుదేరదీసినాడు. 1969 జూలైలో అపోలో 11 నిజముగనే ఫ్లోరిడానుండి లేచినది. ఈ పోలికను చూపి ఆయనను ద్రష్ట యని కొనియాడువారు పలువురు. కాని వెర్న్ తన మనుష్యులను పంపినది రాకెట్టులో కాదు, ఫిరంగిగుండులో. అట్టి ఫిరంగి పేలినచో ఆ అదటునకే లోపలివారు నలిగిపోవుదురు. స్థలము సరిపోయినది, ఉపాయము సరిపోలేదు. అంతమాత్రమున ఆ నవల చెడ్డదగునా? ఇక ఇంగ్లీషు రచయిత ఆర్థర్ క్లార్కు 1945లో ఒక రేడియో పత్రికలో వ్యాసము వ్రాసి, భూమితో సమముగ తిరుగు ఉపగ్రహములు మూడుండినచో లోకమంతటికిని వార్తలు చేరవేయవచ్చునని లెక్కగట్టి చూపినాడు. అది అక్షరాల ఫలించినది. 1975-76లో అట్టి ఉపగ్రహము ద్వారమున ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములవారు టెలివిజను చూచినారు. నిజమగుటయే గొప్పతనమునకు గురుతైనచో, ఆ వ్యాసము క్లార్కు నవలలన్నిటికంటెను గొప్ప సాహిత్యము కావలెను. అట్లని ఎవ్వరును అనరు. కావున ఈ కొలత చాలదు.

దీనికి తోబుట్టువు వంటి మరియొక కొలత మన ఇండ్లలో వినవచ్చుచుండును. అన్నియు మన పురాణములలోనే యున్నవి, పుష్పకమే విమానము, నారాయణాస్త్రమే క్షిపణి యను వాదమిది. దస్తరములలో జీవితము గడపినవారికి అసలు కాగితమేదో, తరువాత చేర్చిన అనుబంధమేదో వేరుపరచుట అలవాటు. ఆ అలవాటుతోనే ఈ వాదమును చూతము. వైమానిక శాస్త్ర మను గ్రంథమును భరద్వాజ మహర్షికి అంటగట్టి కొందరు చూపుదురు. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి, అది ఇరువదవ శతాబ్దమున పుట్టిన రచన యనియు, అందు వర్ణితమైన విమానములు ఎగురజాలవనియు తేల్చినారు. దీనివలన వాల్మీకికి వచ్చిన కొరత యేమియు లేదు. ఆయన ఇంజను పటము గీయుటకు పూనుకొనలేదు. ఆయన చూపినది వేరు. పుష్పకము కుబేరుని సొత్తు, రావణుడు దానిని బలిమిచే లాగుకొనినాడు. యుద్ధము ముగిసి అయోధ్య చేరిన పిదప రాముడు దానిని తనయొద్ద నుంచుకొనక కుబేరునికే తిరిగి పంపివైచినాడు. ఎక్కడికైనను, ఎందరినైనను మోసికొనిపోగల వాహనము చేతికి వచ్చినప్పుడు మనుష్యుడు దానిని విడువగలడా యనునదే కవి అడిగిన ప్రశ్న. ఈ ప్రశ్నను విడిచి రెక్కల కొలతలను వెదకువారు రామాయణమును గౌరవించినట్లు కాదు, చిన్నబుచ్చినట్లు.

ఇందుండియే మా కొలత తేలుచున్నది. కల్పిత యంత్రమునకు ముందుగ ఒక నియమముండవలెను. ఏది కోరిన అది ఇచ్చునది వరము, యంత్రము కాదు. పాతాళభైరవి విగ్రహము కోరినదెల్ల ఇచ్చును గావున అది మంత్రముల కోవలోనిది. రెండవది, ఆ నియమము వలన మనుష్యుల స్వభావము ఎంతో కొంత బయటపడవలెను. మూడవది, ఆ యంత్రమునకు రచయిత పెట్టిన పేరు ఆ భాషలో ఇమిడిపోవలెను. ఈ మూడును కుదిరినచో ఆ యంత్రము నిజమైనను కాకున్నను రచన నిలుచును.

మొదట 1905నాటి ముచ్చట. ఆ యేట మద్రాసున వెలువడుచుండిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అను ఇంగ్లీషు మాసపత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' అను చిన్నకథ అచ్చయినది. వ్రాసినది వంగదేశీయురాలైన రొకియా సఖావత్ హుస్సేన్. ఆ పత్రికను 1901లో స్థాపించి నడిపినది రాజమహేంద్రవరమున పుట్టిన తెలుగు ఆడపడుచు కమలా సత్యనాథన్. భారతదేశమున స్త్రీ వ్రాసిన తొలి వైజ్ఞానిక కల్పనలలో నొకటి మన పట్టణమున, మన ఆడపడుచు చేతిమీదుగ లోకమునకు అందినదన్న సంగతి మనలో ఎందరికి తెలియును?

ఆ కథలోని దేశమున స్త్రీలు రాజ్యమేలుదురు, పురుషులు ఘోషాలో నుందురు. అచట రెండు స్త్రీల విశ్వవిద్యాలయములు గలవు. ఒకరు గొట్టములు తగిల్చిన పెద్ద బెలూనును మేఘములపైకి పంపి వర్షపునీటిని నేరుగ పట్టుకొందురు. రెండవవారు సూర్యుని వేడిమిని పోగుచేసి నిలువయుంచు పరికరమును కనిపెట్టిరి. వంటకు నిప్పు వలదు, పొగ లేదు, మసి లేదు. శత్రువులు పైబడినప్పుడు రెండువేలమంది విద్యార్థినులు ఆ సూర్యతాపమునే వారివైపు త్రిప్పి పారద్రోలుదురు. పురుషులు కచేరీలో దినమునకు ఏడు గంటలు కూర్చుండియు అందు ఆరు గంటలు చుట్టలు కాల్చుటకే వెచ్చింతురనియు, తాము ఆ పనిని రెండు గంటలలో ముగింతుమనియు అందలి ఒక పాత్ర లెక్క చెప్పును. గుమాస్తా పని చేసినవారమగుటచే ఈ లెక్కను ఖండించుటకు మాకు నోరు రాకున్నది.

ఇందలి యంత్రముల గొప్పతనమెచట నున్నది? సూర్యరశ్మినుండి విద్యుత్తు తీయుట నేడు సామాన్యమైనది. 2016లో మన తమిళనాట రామనాథపురము జిల్లా కముదివద్ద 648 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పినారు. కాని రొకియా సూర్యుని పట్టుకొనదలచినది మెగావాట్లకొరకు కాదు, వంటయింటి పొగనుండి స్త్రీ కంటిని తప్పించుటకు. పనిలో నున్న కష్టమును ఎరిగిన మనస్సునకే ఇట్టి పరికరము తోచును. మేఘమునుండి నీరు పట్టు బెలూనును అట్టిదే. 2015 డిశంబరులో వరదలకు మునిగి, 2019 వేసవిలో చెరువులన్నియు ఎండి బిందెడు నీటికై వీథులలో బారులుతీరిన చెన్నపురివారికి, అతివృష్టి అనావృష్టులు రెండింటిని ఒక్క గొట్టముతో అదుపు చేయు ఆ ఊహ నవ్వులాట కాదు. ఈ పట్టణమునకు కృష్ణానది నీరు తెచ్చుటయు ఒకనాడు ఊహయే. 1983లో ఒడంబడిక జరుగగా తెలుగుగంగ కాలువ త్రవ్వి 1996లో ఆ నీటిని పూండి చేర్చినారు. కలలు కనువారు కవులు మాత్రమే కారు.

ఐనను కథలో ఒక లోపము మాకు తోచుచున్నది. అన్నము వండు వేడియే సైన్యమును కాల్చు వేడియగుచున్నది. ఈ రెండు పనులకు నడుమనున్న దూరమును రచయిత్రి ఒక్క వాక్యమైనను ఆగి చూడలేదు. అణుశక్తి విషయమున 1945 తరువాత లోకమంతయు ఆగి చూడవలసి వచ్చినది అచటనే.

ఇక మన సొంత సొమ్ము. 1957 మార్చి 27న విడుదలయైన 'మాయాబజార్' మద్రాసులో విజయావారు నిర్మించినది. దర్శకులు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లీ, రచన పింగళి నాగేంద్రరావు. దీనిని పౌరాణికమనియు, హాస్యచిత్రమనియు అందరును మెచ్చుకొందురు. అందు రెండు యంత్రములున్నవని గమనించువారు తక్కువ. ఒకటి ప్రియదర్శిని, రెండవది సత్యపీఠము. వ్యాసభారతమున ఇవి లేవు.

ప్రియదర్శిని ఒక పెట్టె. మూత తెరచినచో, చూచువారికి మిక్కిలి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడినాడు. బలరామునకు దుర్యోధనుడు, రేవతికి రత్నములు కనబడినవి. 1957లో మన దేశమున టెలివిజను లేదు. ఢిల్లీలో 1959 సెప్టెంబరులో ప్రయోగముగ మొదలైనది, మద్రాసునకు 1975 ఆగస్టు 15న వచ్చినది. కావున పింగళివారు ల్యాప్‌టాపును ముందే చూచిరని ఇప్పటి యువకులు ముచ్చటపడుచుందురు. ముచ్చట మంచిదే కాని, అసలు సొగసు అందు లేదు. ఆ పెట్టెకు పెట్టిన నియమములో నున్నది. ఎదుటివారిని చూపుటకంటె చూచువారిని చూపుట ఆ పెట్టె పని. ఒకే పెట్టెలో ఒకరికి ప్రియుడు, మరొకరికి శిష్యుడు, వేరొకరికి నగలు కనబడుటతో, కథ నడువకమునుపే ఆ ఇంటివారి మనస్సులు మనకు తెలిసిపోవును. శశిరేఖ పెండ్లి ఎవరితో జరుగవలెనన్న కలహమునకు బీజము ఆ పెట్టెలోనే యున్నది. తల్లి మనస్సు నగలమీద, తండ్రి మనస్సు శిష్యునిమీద నుండగా పిల్ల మనస్సును అడుగువారెవరు?

నేడు మన చేతులలోని ఫోనును ప్రియదర్శినితో పోల్చుట పరిపాటి. సముద్రముల కావలనున్న మనుమలను దినదినమును అందు చూచుకొనుచున్నాము, ఆ మేలు కాదనరాదు. కాని ఫోను మనకు మరియొక పనియు చేయుచున్నది. మనము ఏ బొమ్మ యొద్ద ఎంతసేపు ఆగితిమో గమనించి, అట్టివే తెచ్చి మన యెదుట పోయుచున్నది. ప్రియమైనది వేరు, కన్ను ఆగినది వేరు. త్రోవలో జగడమునొద్ద అందరి కన్నును ఆగును, అంతమాత్రమున జగడము మనకు ప్రియమగునా? పింగళివారి పెట్టె హృదయమును అడిగి చూపెను, మన పెట్టె కంటిని లెక్కించి చూపుచున్నది. ఈ భేదమును చెప్పుటకు మనకు వేరు మాట లేదు, ప్రియదర్శిని యన్న ఆ పాత మాటయే సాయపడుచున్నది. మంచి కల్పన చేయు ఉపకారమిదియే. యంత్రము రాకమునుపే దానిని తూచు త్రాసు మన చేతికి ఇచ్చును.

సత్యపీఠమునకును నియమమొక్కటే: దానిపై నిలిచినవాడు నిజము చెప్పకుండజాలడు. కథ చివర శకుని దానిపై నిలిచి, ఈ పెండ్లి యాదవుల బలమును రాబట్టుటకు పన్నిన పన్నాగమని తన నోటనే బయటపెట్టును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. అబద్ధములను పట్టు యంత్రము పాశ్చాత్యులకు 1921నుండియే కలదు. దాని నిజస్థితి శంకాస్పదమైనను మన దేశమున పోలీసులును దానిని వాడిరి. 2010 మే నెలలో సుప్రీముకోర్టు సెల్వి కేసులో తీర్పు చెప్పుచు, మనుష్యుని అనుమతి లేక ఇట్టి పరీక్షలు జరుపరాదనియు, తనకు వ్యతిరేకముగ తానే సాక్ష్యము చెప్పునట్లు ఎవరిని నిర్బంధింపరాదను రాజ్యాంగ నియమమునకు అది విరుద్ధమనియు స్పష్టము చేసినది. ఆ తీర్పు వెలుగున చూచినచో శకునికి కూడ ఒక హక్కు కలదు. చిత్రము ఆ హక్కును తలపదు. హాస్యమున తలపనక్కరయు లేదు. కాని శకునిపై చప్పట్లు కొట్టిన మనమే, ఆ పీఠము మన కాళ్లక్రిందికి వచ్చిననాడు చప్పట్లు కొట్టుదుమా యని తోచకమానదు. నవ్వించుచునే ఇంత దూరము కొనిపోవు యంత్రమును సామాన్యమైన గారడీ యనరాదు.

మూడవది 1991లో వచ్చిన 'ఆదిత్య 369'. దర్శకులు సింగీతము శ్రీనివాసరావు, సమర్పించినది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము. ఒక శాస్త్రజ్ఞుడు నిర్మించిన కాలయంత్రమున నాయికానాయకులు 1526వ సంవత్సరమునకు, శ్రీకృష్ణదేవరాయల కొలువునకు పోవుదురు. అచటినుండి 2504వ సంవత్సరమునకు పోయి, అణుయుద్ధము ముగిసిన లోకమును చూతురు. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో వ్రాసిన కాలయంత్ర నవలయే దీనికి ప్రేరణ. ఐనను వెల్స్ యంత్రము గతమునకు పోలేదు, 802701వ సంవత్సరమునకు పోయినది. అచట మానవజాతి రెండుగ చీలి, భోగించువారు నేలపైనను, యంత్రములు నడుపువారు నేలక్రిందను బ్రతుకుచుందురు. తనకాలపు ధనికులను, శ్రామికులను ఆయన అట్లు సాగదీసి చూపినాడు.

తెలుగువారి చేతికి కాలయంత్రము దొరకగనే అది ముందుగ రాయల కొలువునకు పోవుట గమనింపదగినది. ఆ భాగమున చిత్రమునకు ప్రాణమున్నది. తెనాలి రామకృష్ణుడున్నాడు, సంగీతమున్నది, నేటి మనిషి ఆనాటివారి నడుమ తడబడు హాస్యమున్నది. 2504వ సంవత్సరపు భాగమున పరికరములు మెరయును, అణుయుద్ధమును గూర్చిన హెచ్చరికయు వినబడును. కాని అచటివారు ఏమి చదువుదురో, ఏ మాటకు నవ్వుదురో మన మనస్సునకు అంతగా అందదు. మన గతము నిండుగను, మన భవిష్యత్తు బోలుగను కనబడుటను ఒక్క చిత్రపు లోపమని మేము తలపము. మన జాతి ఊహలోనే ఉన్న లోపమిది. వెనుకకు పోవుటకు మనకు బండ్లు చాల గలవు, ముందునకు పోవుటకు తక్కువ.

ఇచట పేర్ల సంగతి వచ్చుచున్నది. రోబో అను మాటను లోకమునకు ఇచ్చినది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకము. ఆ మాటను ఆయనకు సూచించినది ఆయన అన్న జోసెఫ్. దాని మూలమైన చెక్ పదమునకు అర్థము వెట్టి. కావున ఆ పేరు వినగనే చెక్ దేశస్థునికి దొర గుర్తుకు వచ్చును, కూలి లేని చాకిరి గుర్తుకు వచ్చును. తెలుగున మనము మరమనిషి యన్నాము. ఆ మాట చక్కనిదే, అందు మర వినబడును, కాని వెట్టి వినబడదు. వెట్టిచాకిరి యననేమో తెలుగుదేశమునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆ బాధను ఆ యంత్రముతో ముడిపెట్టి కథ వ్రాయుటకు మనకంటె తగినవారెవరు?

మన ప్రక్కయింటివారిని చూడుడు. తమిళ రచయిత సుజాత యను రంగరాజన్ బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇంజనీరు, ఓటింగు యంత్ర నిర్మాణమున పాలుగొనినవారు. ఆయన ఒక యంత్రపు కుక్కను సృష్టించి జీనో యని పేరిడగా ఆ కుక్క తమిళుల ఇండ్లలో చుట్టమైపోయినది. 2008లో ఆయన గతించిన తరువాత, ఆయన చేయియున్న చిత్రము 2010లో వెలువడినది. తమిళమున దాని పేరు 'ఎందిరన్', యంత్రమను మాటకే తమిళపు ఉడుపు తొడిగి, మనిషిని చేసి పిలిచినారు. అదియే తెలుగునకు వచ్చునప్పటికి 'రోబో' యైనది. తెలుగున మాట దొరకకనా? ప్రియదర్శిని, సత్యపీఠము అను పేర్లు పెట్టిన భాషకు ఒక్క పేరు కరవగునా? దొరకక కాదు, వెదకక.

ఇది మాటల పట్టింపు మాత్రమే యని కొందరనవచ్చును. తరతరములుగ ఈ పట్టణమున కాపురమున్న తెలుగు కుటుంబములకు ఇది పట్టింపు కాదు, బ్రతుకు. 2006నాటి చట్టము తరువాత మన పిల్లలు బడిలో తమిళము తప్పక చదువుచున్నారు. తమిళము మనకు అన్నము పెట్టిన నేల భాష, దానిని నేర్చుట మేలే. ఉద్యోగమునకు ఇంగ్లీషు చదువుచున్నారు. తెలుగు ఇంటిలో మిగిలినది. ఇంటిలోనైనను ఏ పనులకు మిగిలినది? పూజకు, పెండ్లికి, పచ్చడికి, పాత పాటకు. అనగా గతమునకు సంబంధించిన పనులన్నిటికి. రేపటిని గూర్చి మాటలాడవలసివచ్చినప్పుడు పిల్లవాడు ఇంగ్లీషునకు మారుచున్నాడు. రేపటికి పనికిరాదని పిల్లలు తలచిన భాషను ఏ సంఘమును, ఏ సంచికయు కాపాడజాలవు.

శ్రీహరికోట మన పట్టణమునకు ఉత్తరమున, తెలుగునేలపైన నున్నది. అచటినుండి 2023 జూలై 14న లేచిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. ఆకాశము తేటగా నున్ననాడు రాకెట్టుల నిప్పుచారను మన మేడలపైనుండి పిల్లలు చూచుచుందురు. అది చూచిన రాత్రి ఆ పిల్లలు ఏ భాషలో ఆశ్చర్యపడుచున్నారో మనము విచారింపవలసియున్నది.

కావున మన సంఘముల పెద్దలకు ఒక మనవి. ఉగాదికి పద్యపఠనపు పోటీలు జరుపుచున్నారు, జరుపుడు. వానితోపాటు ఒక బహుమానమును వేరుగ ఉంచుడు. లోకమున ఇంకను లేని యంత్రము నొకదానిని పిల్లలు తెలుగున చెప్పవలెను. అది ఏమి చేయునో, ఏమి చేయజాలదో, దాని పేరేమో చెప్పవలెను. వ్రాయరాని పిల్లలు నోటితో చెప్పిన చాలును. ఇంగ్లీషు మాటలు కలిసినచో మార్కులు తగ్గింపవలదు, క్రొత్త తెలుగు పేరు పుట్టినచో మాత్రము హెచ్చుగ ఇండు. బెలూనుతో మేఘమునుండి నీరు పట్టిన ఊహ ఒక మాసపత్రికలోని చిన్నకథ. మనస్సును చూపు పెట్టె ఒక హాస్యచిత్రములోని వస్తువు. వానికంటె మన పిల్లల ఊహ చిన్నదని ఎవరు చెప్పగలరు? ఆ ఊహ తెలుగున పుట్టుటకు చోటు కల్పించుట మన వంతు.